లాగ్‌లో నీ ఏజెంట్ పేరు పడాలి

అమ్ములూ,

జనాల తరఫున బిల్లులు కట్టి, టికెట్లు తీసిపెట్టే ఏఐ ఏజెంట్ ప్రోగ్రామ్ తయారుచేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పొంగిపోయాను. "మరి వాళ్ల పాస్‌వర్డ్‌ల సంగతేంటి?" అంటే "యాప్‌లోనే దాస్తుందట" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

మామూలువి నీకు తెలుసు: పాస్‌వర్డ్ కోడ్‌లో రాయకు, ఎవరు ఏం చేశారో రాసిపెట్టుకునే లాగ్‌లో పడనివ్వకు, ఓటీపీ మనిషినే కొట్టనివ్వు.

2004లో నేను సర్వర్లు చూసేదాన్ని. రాత్రి రెండింటికి బ్రాంచి నుంచి లెక్కల ఫైళ్లు తనంతట తానే తెచ్చే చిన్న ప్రోగ్రామ్, అదే స్క్రిప్ట్, రాశాను. నన్ను కూతురిలా చూసుకున్న సీనియర్ ఒకాయన తన లాగిన్ ఇచ్చారు. ఆ పాస్‌వర్డ్‌ని కమాండ్ పక్కనే పెట్టేశాను. ఆ లినక్స్ సర్వర్‌లో ఉన్నవాళ్లెవరు పీఎస్ అనే కమాండ్ కొట్టినా, నడుస్తున్న కమాండ్ పాస్‌వర్డ్‌తో సహా కనపడుతుందని తెలుసు. ఆ వేళప్పుడు ఎవరుంటారులే అనుకున్నాను. ఎవరో ఉన్నారు. ఫైళ్లు మారిపోయాయి. లాగ్‌లో ప్రతి వరుసలోనూ ఆయన పేరే. స్క్రిప్ట్ చేసిందేదో, దొంగ చేసిందేదో విడదీసే దారే లేదు. రెండు రోజులు ఆయన్ని కూర్చోబెట్టి అడిగారు. భయంతో నేను నోరు విప్పలేదు. మూడోరోజు మధ్యాహ్నం వెళ్లి చెప్పాను. తిట్టలేదు. టిఫిన్ డబ్బా మూత పెడుతూ "మొన్ననే చెప్పాల్సిందమ్మా" అన్నారు. డబ్బాలో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది.

అందుకే ఈ కేకలు, పిచ్చితల్లీ. పాస్‌వర్డ్ చేతికివ్వకుండానే అనుమతిచ్చే పద్ధతి, ఓఆత్ 2.0, 2012లో వచ్చింది కదా, దాన్ని పట్టుకో. మనిషి పాస్‌వర్డ్‌ని ఆ సైట్‌లోనే కొడతాడు, నీ ఏజెంట్ చేతికి అనుమతి చీటీలాంటి టోకెనే వస్తుంది. దానికి పని హద్దు పెట్టొచ్చు, గడువు పెట్టొచ్చు, అనుమానమొస్తే పాస్‌వర్డ్ జోలికి పోకుండా అదొక్కటే రద్దు చేయొచ్చు. దూరపు సర్వర్లలోకి లాగిన్ అవడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్‌ని చూడు, రహస్య తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని సంతకం మాత్రమే చేసిస్తుంది. అదీ కళ్లు మూసుకుని నమ్మకు, దాన్ని అందుకోగలిగినవాడు ఎవడైనా సంతకం పెట్టించుకోగలడు. డబ్బు కదిలే ప్రతిచోటా మనిషిని అడిగించు. నీ ఏఐ మోడల్‌కైతే టోకెన్ కూడా కనపడనివ్వకు. ఊరూపేరూ లేని పేజీలన్నీ చదువుతుంది, అక్కడ ఎవడో రాసిపెట్టిన మాట విని బయటపెట్టేయగలదు.

టోకెన్ ఇవ్వని సైటుంటే వదిలెయ్. కస్టమర్లు తగ్గితే తగ్గనీ.

లాగ్‌లో "ఫలానావారి తరఫున ఏజెంట్" అని విడిగా పడాలి. ఆ వరుస మొదటిసారి పడగానే ఫోటో తీసి నాకు పంపు. అర్ధరాత్రయినా సరే, లేచి చూస్తాను.

మీ అత్త