డాలర్ షాపుల్లో ఏం కొనాలి, ఏం వదిలెయ్యాలి

ఆగస్టులో ఎమ్మెస్‌కు డాలస్ పోతున్నా, అక్కడ చవక దుకాణాల్లో ఏం కొనాలి, హన్మకొండ నుంచి ఏం తీసుకుపోవాలి అని అడిగినవు కదా తమ్ముడూ.

కుక్కర్, దానికి రెండు గాస్కెట్లు ఇక్కడే కొనుక్కో. కొత్తవాడ జంపఖానా ఒకటి మడిచి పెట్టుకో, మంచం దొరికేదాకా అదే పరుపు. ప్లేట్లు, గ్లాసులు, డబ్బాలు, హ్యాంగర్లు మాత్రం వద్దు, 23 కిలోల పెట్టెలో వాటికి చోటు దండగ. అవి డాలర్ ట్రీ అనే చవక షాపులో మస్తు చవక.

పేరు డాలరే గానీ, 2021 చివర్లో అక్కడ ఒక్కో వస్తువు రేటు డాలర్ నుంచి 1.25 డాలర్లు అయింది. ఇప్పుడు అంతకన్నా ఎక్కువవి కూడా పక్కపక్కనే ఉంటాయి, అర మీద చూసే బుట్టలో వెయ్యి. ఆ రేటులో పన్ను కలవదు. డాలస్‌లో 8.25 శాతం, అంటే పది వస్తువులకు 12.50 కాదు, 13.53. బియ్యం, పాలు, కూరగాయలకు పన్ను లేదు. ఆగస్టు మొదట్లో టెక్సాస్‌లో మూడు రోజులు వంద డాలర్ల లోపు బట్టలకు, చెప్పులకు, స్కూల్ బ్యాగులకు పన్ను ఎత్తేస్తారు, తేదీ చూసుకుని అప్పుడే కొను.

అక్కడ మోసం అనలేం గానీ లెక్క ఒకటుంది: రేటు తక్కువ, సీసా చిన్నది. 16 ఔన్సుల సబ్బు నీళ్లు 1.25 అయితే ఔన్సుకు 7.8 సెంట్లు. పెద్ద షాపులో 64 ఔన్సుల డబ్బా 4 డాలర్లయితే 6.25 సెంట్లే. పెద్ద షాపుల్లో అర మీది చీటీ మూలన ఔన్సు రేటు చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసేది దాన్నే. 'హెవీ డ్యూటీ' అని రాసిన బ్యాటరీలు జింక్ కార్బన్‌వి, తొందరగా అయిపోతాయి. ఆల్కలైన్ అని ఉంటేనే తీసుకో.

సరుకులకు ఆల్డీ అనే చవక కిరాణా షాపు. జేబులో పావు డాలర్ బిళ్ల, చేతిలో సంచి ఉండాలి. సామాన్లు వేసుకునే ట్రాలీ బండ్లను ఒకదానికొకటి గొలుసుతో కట్టి పెడతారు, బండి పిడి దగ్గరి గాడిలో బిళ్ల పెడితే గొలుసు ఊడుతుంది. తిరిగి తెచ్చి ముందు బండి గొలుసు తాళం గుచ్చితే బిళ్ల బయటికొస్తుంది. బిళ్ల కోసం ఎవరూ బండిని ఎండలో వదిలిపోరు, భలే ఉపాయం.

సెకండ్ హ్యాండ్ షాపుల్లో గిన్నెలు, కుర్చీలు, టేబుల్ లైట్లు బాగుంటాయి. లైటైతే అక్కడే ప్లగ్గులో పెట్టి వెలిగించి చూడు. పరుపు, సోఫా ఊరికే ఇచ్చినా వద్దు. ఒక్క నల్లి వచ్చిందంటే ఇల్లంతా మందు కొట్టించాలి.

ఇంటికొచ్చేటప్పుడు అమ్మకు మిక్సీ, చెల్లెకు హెయిర్ డ్రయ్యర్ తేవాలనిపిస్తుంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వరంగల్లో ప్లగ్గు పెట్టంగనే పొగ వస్తుంది. వెనకాల 'ఇన్‌పుట్ 100–240' అని ఉన్న చార్జర్లు, ట్రిమ్మర్లు తెచ్చుకోవచ్చు, పిన్ను మార్చే అడాప్టర్ ఉంటే చాలు.