దుబాయ్‌లో కుదురుకోక ముందే మామునూరులో ప్లాటా?

ప్రశ్న: సర్, మాది హనుమకొండ. వయసు 31. ఏడు నెలల కింద దుబాయ్‌లో అకౌంటెంట్‌గా చేరాను. జీతం 8,000 దిర్హాములు, అందులో బేసిక్ 4,800. కరామాలో బెడ్ స్పేస్‌లో, అంటే పదిమంది పంచుకునే గదిలో ఒక మంచం అద్దెకు తీసుకుని ఉంటున్నా, నా ఖర్చు నెలకు 2,500 దాటదు. ఇక్కడికి రావడానికి రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చాను. ఇంటికి 15,000 రూపాయలు, చిట్టీకి 10,000 నెలనెలా పంపుతున్నా. చేతిలో 18,000 దిర్హాములు ఉన్నాయి. వచ్చే నెల భార్యను, రెండేళ్ల పాపను తీసుకొచ్చుకోవాలని ఏడాదికి 48,000 అద్దెకు ఒక ఫ్లాట్ చూశాను. ఏడాది అద్దెకు మూడు నెలలకొకటి చొప్పున నాలుగు చెక్కులు ముందే రాసివ్వాలట. బ్యాంకు వాళ్లు 60,000 దిర్హాముల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. నాలుగేళ్లు, నెలకు సుమారు 1,465 కిస్తీ. ఫ్లాట్‌కు పోను మిగిలింది మామునూరు దగ్గర ప్లాటుకు కడదామని ఉంది. అత్యవసరానికి చిట్టీ ఎలాగూ ఉంది. లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి, అందుకే మీ లెక్క అందరి ముందూ పెడుతున్నాను.

మన జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి ముందు తరం వాళ్లు గల్ఫ్‌కు పోయినప్పుడు చాలామందికి కంపెనీయే రూము ఇచ్చేది, కంపెనీ బస్సే పనికి తీసుకుపోయేది. వాళ్ల కష్టం వేరే, కానీ అద్దె చెక్కు బౌన్స్ అవుతుందన్న భయం వాళ్లకు లేదు. మీలాంటి ఆఫీసు ఉద్యోగులు ఆ ఊళ్లో సొంతంగా కాపురం పెట్టుకోవాలి. ఇంట్లో అడుగు పెట్టకముందే ఎంత పోతుందో చూడండి. మొదటి చెక్కు 12,000. డిపాజిట్ 5 శాతం చొప్పున 2,400, ఏజెంటు కమీషన్ మరో 2,400. కరెంటు, నీళ్ల కనెక్షన్‌కు డిపాజిట్ 2,000. ఇక్కడికే 18,800. ఆ పైన ఇద్దరి వీసాలు, వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్, మంచాలు, గ్యాసు పొయ్యి. ఇన్సూరెన్స్ మీకైతే కంపెనీ ఇస్తుంది, కుటుంబానికి మీరే కట్టుకోవాలి. మొత్తం 25,000 దాటుతుంది.

తర్వాత నెలసరి ఖర్చు. అద్దె 4,000. కిరాణా, పాలు, డైపర్లు 1,200. కరెంటు, నీళ్ల బిల్లు 550 వేసుకోండి, ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు కూడా ఆ బిల్లులోనే వస్తుంది. మీ మెట్రో పాసు 350, ఫోన్లు, ఇంటర్నెట్ 400. ఇది 6,500. దిర్హాముకు 24 రూపాయల లెక్కన ఇంటికి, చిట్టీకి పంపేది 1,040, ఊళ్లో అప్పుకు వడ్డీ 333. దాని మీద కిస్తీ 1,465. అంతా కలిపితే 9,300 పైచిలుకు. జీతం 8,000. పాపకు జ్వరం కూడా రాని నెలలోనే 1,300 తక్కువ పడుతోంది. అది క్రెడిట్ కార్డు మీదకు పోతుంది, అక్కడి నుంచి ఈ కథ ఎటు పోతుందో అకౌంటెంట్‌కు నేను చెప్పాలా?

ఇప్పుడు ఉద్యోగం పోయిందనుకోండి. కనీసం 30 రోజుల నోటీసు ఉంటుంది. ఏడాది నిండలేదు కాబట్టి గ్రాట్యుటీ రాదు. మీ చేత కట్టిస్తున్న నిరుద్యోగ బీమా కూడా వరుసగా 12 నెలలు కట్టాకే పలుకుతుంది. పలికినా బేసిక్‌లో 60 శాతం, అంటే మీకు 2,880, అదీ మూడు నెలలే. మీ ఒక నెల అద్దెకు కూడా చాలదు. లోన్ బాకీ ఉంటే చివరి సెటిల్‌మెంట్ డబ్బును బ్యాంకు సాధారణంగా ఆపేస్తుంది. చెక్కుకు ఖాతాలో డబ్బు లేకపోతే జైలు అన్న పాత నిబంధనను 2022లో సడలించారు గానీ, ఆ చెక్కు పట్టుకుని ఇంటి ఓనరు నేరుగా డబ్బు వసూలు చేయించే అమలు కోర్టుకు పోవచ్చు. బాకీ 10,000 దిర్హాములు దాటితే దేశం విడిచి పోకుండా ఆపమని అడిగే వీలూ ఉంది. భార్యాబిడ్డలతో పరాయి ఊళ్లో ఆ స్థితి మీకు రాకూడదు.

అందుకే నేను పట్టుబట్టేది ఒక్కటే. 25,000 దిర్హాములు, అక్కడి బ్యాంకులో, మీ పేరున, దిర్హాముల్లోనే ఉండాలి. మూడు నెలల కాపురం ఖర్చు, ముగ్గురి తిరుగు టికెట్లు, వీసా గడువు దాటితే పడే జరిమానాలు అందులోంచి నడవాలి. చిట్టీ ఆ పని చేయదు. ముందుగా ఎత్తాలంటే పాటలో తెగ్గోసుకోవాలి, ఎత్తాక షూరిటీలు చూపించాలి, సంతకాలు పెట్టాలి. మీరు దుబాయ్‌లో, షూరిటీలు హనుమకొండలో. అద్దె చెక్కు తేదీ మీ పాట తేదీ కోసం ఆగదు. హనుమకొండలో ఉన్న ఎఫ్‌డీ, బీరువాలో ఉన్న బంగారం కూడా అంతే.

వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఓకే చెప్పినప్పటి నుంచి అటువైపు ప్రతి గజానికీ ఒక కథ చెబుతున్నారు. అప్పు తెచ్చి, చూడని భూమికి, ఫోన్ మీద అడ్వాన్సు కట్టకండి. దీని మీద ఇంతకు మించి మాట్లాడను.

ఇప్పుడు చేయాల్సింది చెబుతా. లోన్ వద్దని బ్యాంకుకు ఈ రోజే చెప్పండి. చేతిలోని 18,000 అలాగే ఉంచి, ఇంకో 7,000 చేర్చండి. మీకు నెలకు 4,100 దాకా మిగులుతోంది కాబట్టి రెండు నెలల్లోపే అది పూర్తవుతుంది. తర్వాత నాలుగు నెలల్లో రెండు రూపాయల అప్పు తీరుతుంది. ఈలోపు ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఆ వడ్డీ తగ్గించుకోవచ్చు. ఆ తర్వాతే ఫ్లాట్ కోసం 25,000. మొత్తం దాదాపు ఏడాది. అప్పటికి నిరుద్యోగ బీమా, గ్రాట్యుటీ రెండింటికీ కావాల్సిన ఏడాది నిండి ఉంటుంది. అద్దె అడ్వాన్సు ఇచ్చి జీతంలో కోసుకునే కంపెనీలు ఉన్నాయి, మీ హెచ్‌ఆర్‌ను అడగండి, కొన్ని నెలలు కలిసొస్తాయి.

టర్మ్ పాలసీ లేకపోతే కోటి రూపాయలకు తీసుకోండి. అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ ఉందో లేదో చూడండి. హనుమకొండలోని సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండే మనవాళ్ల ఖాతాగా మార్చడం మర్చిపోవద్దు.

ఏడాది పాటు పాపను చూడకుండా ఉండమని నేను అనను. డిసెంబర్‌లో ఎండ తగ్గుతుంది. ఇద్దరినీ విజిట్ వీసా మీద ఒక నెల పిలిపించుకోండి, ఎవరితోనైనా కలిసి గది తీసుకోండి. టికెట్లు ఇప్పుడే చూస్తే తక్కువలో దొరుకుతాయి.