మా బుజ్జి కరవదండీ అంటే పోలీసులు వినరు

ఇక్కడ ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో మాస్టర్స్ చేస్తున్న తమ్ముడొకడు మెసేజ్ పెట్టాడు. "అక్కా, మా వీధిలో ఒక పెద్దావిడకి మోకాలి ఆపరేషన్ అయింది. వాళ్ల కుక్కని రోజూ గంటసేపు పార్కులో తిప్పుకొస్తే 12 పౌండ్లు ఇస్తానంటోంది. చూడ్డానికి కొంచెం భయంకరంగా ఉంటుంది గానీ ఏమీ అనదట. నెలంతా చేస్తే రెంటులో సగం పైనే వచ్చేస్తుంది, ఒప్పుకోమంటావా?" కింద ఒక ఫోటో కూడా ఉంది. సోఫా మీద పడుకున్న కుక్క, మనిషి కూర్చోడానికి సోఫాలో చోటే మిగల్లేదు.

ఒప్పుకోకు తమ్ముడూ. కుక్కలంటే పడక చెప్తున్న మాట కాదిది, మా ఇంట్లోనే 34 కిలోల లాబ్రడార్ ఉంది, దాని పేరు బుజ్జి.

ముందు వీసా సంగతి చూద్దాం, అది చిన్నదే. స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చని అందరికీ తెలుసు, కానీ అది ఒక ఎంప్లాయర్ దగ్గర ఉద్యోగిగా జీతానికి చేసే పని అయి ఉండాలన్నది మాత్రం చాలామంది మర్చిపోతారు. సొంతంగా డబ్బు తీసుకుని ఊళ్లోవాళ్ల కుక్కల్ని తిప్పితే అది సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కింద లెక్క, నీ వీసాకి అది కుదరదు. క్యాష్‌లోనే కదా, ఎవరికి తెలుస్తుంది అంటావేమో. ఆ కుక్క ఎవరినైనా కింద పడేసిన రోజున అందరికీ తెలుస్తుంది.

అసలు సంగతి కుక్కది. ఇక్కడ 1991లో డేంజరస్ డాగ్స్ యాక్ట్ అని తెచ్చారు. ఆ పేరు చూసి ఇదేదో పిట్‌బుల్స్ పెంచేవాళ్ల గొడవ, మనకెందుకులే అనుకుంటాం, నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నా. అందులో మూడో సెక్షన్ అన్ని కుక్కలకీ వర్తిస్తుంది, చేతిసంచిలో పట్టే చివావాకి కూడా. కుక్క ప్రమాదకరంగా అదుపు తప్పితే నేరం. మరి అదుపు తప్పడం అంటే ఏమిటయ్యా అంటే, కరవనక్కర్లేదు, అది తనకి గాయం చేస్తుందేమో అని ఎదుటి మనిషి భయపడటానికి సరైన కారణం ఉంటే చాలు. మొరిగే కుక్క కరవదని మనకో సామెత ఉంది, ఇక్కడి మేజిస్ట్రేటుకి ఆ సామెత తెలీదు. ఎవరికీ దెబ్బ తగలకపోయినా ఆరు నెలల దాకా జైలు, జరిమానాకి పైపరిమితి లేదు. దెబ్బ తగిలితే అయిదేళ్ల దాకా, ప్రాణం పోతే 14 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. కుక్కని చంపేయమని కోర్టు ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఇక మీదట నువ్వు కుక్కని పెంచకూడదనీ చెప్పొచ్చు.

నీకు ముఖ్యంగా తెలియాల్సింది ఇంకోటుంది. ఆ నేరం ఓనర్ ఒక్కరిదే కాదు, ఆ సమయంలో కుక్క ఎవరి చేతిలో ఉందో వాళ్లది కూడా. పైగా "నేను తగిన మనిషి చేతిలోనే పెట్టాను, అతను చూసుకోగలడని నమ్మాను" అని ఓనర్ నిరూపించుకుంటే ఆవిడ బయటపడే దారి ఆ చట్టంలోనే రాసి ఉంది. అంటే ఆవిడ ఇంట్లో మోకాలికి ఐస్ పెట్టుకుంటూ కూర్చుంటుంది, స్టేషన్‌లో నువ్వు కూర్చుంటావు. డబ్బు తీసుకోకుండా సాయంగా తిప్పినా వీసా గొడవ తప్పుతుందేమో గానీ ఈ గొడవ తప్పదు. క్రిమినల్ కేసు ఇది, పార్కింగ్ ఫైన్ లాంటిది కాదు. రేపు ఐఎల్ఆర్‌కో (అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) సిటిజన్‌షిప్‌కో అప్లై చేసినప్పుడు ఏమైనా శిక్షలు పడ్డాయా అని ఫారంలో అడుగుతారు, అక్కడ కుక్కదే కదా అని వదిలేయడానికి లేదు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. అయిదేళ్ల కిందట అనుకుంటా, సంక్రాంతికి మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. మధ్యాహ్నం పార్సిల్ అబ్బాయి బెల్ కొట్టాడు. మా అమ్మకి తలుపు కొంచెం తెరిచి చూడటం తెలీదు, ఊళ్లో అలవాటు, రెండు రెక్కలూ బార్లా తెరిచి "ఎవరు బాబూ" అంటుంది. వంటింట్లో అరిసెల వాసనకి ముక్కు ఎగరేసుకుని కూర్చున్న బుజ్జి బెల్ వినగానే ఒక్క ఉరుకున మా అమ్మ కాళ్ల సందులోంచి బయటపడింది. అది ఆడుకోడానికే వెళ్లింది, తోక ఊపుకుంటూనే వెళ్లింది, ప్రమాణం చేసి చెప్తాను. కానీ ఆ కుర్రాడు వెనక్కి అడుగేశాడు, వెనక మెట్టుంది. పడి మణికట్టు బెణికింది. పార్సిల్ డబ్బా పక్కనే నీళ్లలో పడి నానిపోయింది, దాని మీద బుజ్జి కాలి ముద్ర.

మూడో రోజు పోలీసావిడ వచ్చింది. నేను టీ పెట్టి మరీ చెప్పాను, మా కుక్క కరవలేదండీ, చాలా ఫ్రెండ్లీ అని. ఆవిడ రాసుకోవడం ఆపి, "అతనికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. మా అదృష్టం, దెబ్బ చిన్నది, ఆ కుర్రాడు కూడా పెద్ద గొడవ చేయలేదు. కోర్టు దాకా పోనీయకుండా క్షమాపణ ఉత్తరం రాయించి, కొన్ని షరతుల మీద సంతకం పెట్టించుకుని వదిలేశారు. ఆ నెలంతా నాకు పడ్డ టెన్షన్ మాత్రం ఇక్కడ రాయలేను. మా ఆయన పాస్‌పోర్టు అప్లికేషన్ అప్పుడే నడుస్తోంది.

అప్పటి నుంచి మా ముందు తలుపుకి అయిదడుగుల ఇవతల, హాల్లో, పిల్లలకి మెట్ల దగ్గర పెట్టే గేటు ఒకటి బిగించాం. బెల్ మోగితే ముందు ఆ గేటు, తర్వాత తలుపు. లెటర్‌బాక్స్‌కి లోపలి వైపు వైరు బుట్ట కూడా తగిలించాం. ఎందుకంటే లెటర్‌బాక్స్‌లోంచి లోపలికొచ్చిన పోస్ట్‌మ్యాన్ వేలిని కుక్క కొరికితే, ఆ టైంకి ఓనర్ ఇంట్లో లేకపోయినా బాధ్యుడు కావచ్చని ఇక్కడి హైకోర్టు చెప్పేసింది. నా ఇల్లు, నా గుమ్మం, నా ఇష్టం అనడం కూడా 2014తో అయిపోయింది. అంతకుముందు సొంత ఇంట్లో జరిగేవాటికి చాలామటుకు ఈ సెక్షన్ వర్తించేది కాదు, ఇప్పుడు ఇంటిలోపలా పెరట్లోనూ కూడా వర్తిస్తుంది. ఇంట్లో చొరబడ్డ దొంగ విషయంలో కొంత మినహాయింపు ఉంది గానీ ఉగాదికి పిలిచిన 30 మంది చుట్టాలు దొంగలు కారు కదా. అలాంటి రోజు బుజ్జి పైగదిలో ఉంటుంది, తలుపు గడియ వేసి, "లోపల కుక్క ఉంది, తీయొద్దు" అని తెలుగులో కాగితం అంటించి. పిల్లలు చదవలేరని మావాడు ఇంగ్లిష్‌లో ఇంకోటి అంటించాడు.

సరే, ఇక ఆ ఫోటో. అది ఏ జాతో నువ్వు రాయలేదు, ఆవిడ కూడా చెప్పి ఉండదు. ముందు ఆ సంగతి అడుగు. ఈ దేశంలో పూర్తిగా నిషేధించిన రకాలు అయిదున్నాయి. పిట్‌బుల్ టెరియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రెజిలీరో, వీటికి తోడు కొత్తగా ఎక్స్ఎల్ బుల్లీ. ఈ ఆఖరిదాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లో 2023 డిసెంబర్ 31 నుంచి అమ్మకూడదు, ఊరికే ఇవ్వకూడదు, పిల్లలు పెట్టించకూడదు. 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు సర్టిఫికెట్ లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ఆ సర్టిఫికెట్ కోసం అప్పట్లో గడువులోపు 92 పౌండ్ల 40 పెన్నీలు కట్టి అప్లై చేసుకోవాల్సి వచ్చింది, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. సర్టిఫికెట్ ఉన్నా సరే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, చర్మం కింద ఓనర్‌ని గుర్తుపట్టే మైక్రోచిప్ ఉండాలి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి, వీధిలోకి వస్తే మెడకి బెల్టు, మూతికి మజిల్. మజిల్ అంటే మన దగ్గర ఎద్దు మూతికి చిక్కం కడతారే, అలాంటిదే. ఆ బెల్టు పట్టుకున్న మనిషికి 16 నిండి ఉండాలి.

ఇక్కడే మనవాళ్లు పొరపడేది, ఇది జాతి కాగితాల లెక్క కాదు, ఆకారం లెక్క. తల్లీదండ్రులు ఏ జాతివైనా, కొలతలు సరిపోయి, ఆ ఆకారం ఉంటే నిషేధిత రకమే. ఎక్స్ఎల్ బుల్లీకి మగదైతే భుజం దగ్గర ఎత్తు 51 సెంటీమీటర్లు, ఆడదైతే 48, అక్కడి నుంచి మొదలు, ఆపైన తల వెడల్పు, ఒంటి కట్టు వగైరా చూస్తారు. అది నిషేధిత రకం అని పోలీసులు అంటే, కాదు అని నిరూపించుకోవాల్సింది మనం. స్టాఫీ అని ముద్దుగా పిలిచే స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ మీద నిషేధం లేదు, దాన్ని చూసి అందరూ పిట్‌బుల్ అనుకుని రోడ్డు దాటేస్తుంటారు, పాపం.

మొన్న మిల్టన్ కీన్స్‌లో ఒక కుర్ర జంటకి ఆన్‌లైన్‌లో "ఉచితం, మంచి ఇంటికి మాత్రమే" అని ఒక కుక్క కనబడిందట, బలిష్ఠంగా భలే ఉందని మురిసిపోయి నన్నడిగారు. వెయ్యి పౌండ్ల పైన పలికే కుక్కని ఊరికే ఇస్తున్నారంటే ఏదో ఉందని మన బజార్లో కూరగాయలు బేరమాడే ఎవరికైనా తట్టాలి. అది నిషేధిత రకమైతే ఇచ్చినవాడిదీ నేరమే, తెచ్చుకున్న మీదీ నేరమే అని చెప్పి ఆపాను. పెంచుకోవాలని నిజంగా ఉంటే షెల్టర్ నుంచి తెచ్చుకోండి, లేదా తల్లితో పాటు పిల్లని చూపించే పెంపకందారు దగ్గరికి వెళ్లండి. దారిలో తిరుగుతున్న కుక్క కనిపిస్తే జాలిపడి ఇంటికి తెచ్చి పాలూ అన్నం పెట్టి ఉంచేసుకోకండి, కౌన్సిల్‌కి (మన మునిసిపాలిటీ లాంటిది) చెప్పాలి, చెప్పకుండా ఉంచుకోవడం తప్పు. మన వీధికుక్కల లెక్క ఇక్కడ లేదు, తిరిగే ప్రతిదానికీ ఓనర్ ఎవరో ఒకరు ఉంటారు.

తెచ్చుకున్నాక చేయాల్సినవాటిలో మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది చిప్. చిప్ ఉండటం చట్టం, సరే, అమ్మినవాడే వేయించి ఇస్తాడు. కానీ దాని వెనక డేటాబేస్‌లో ఉండే అడ్రసు, ఫోన్ నంబరు మార్చుకోవడం మన పని. మనమేమో ప్రాజెక్టు మారినప్పుడల్లా ఇల్లు మారతాం, బ్యాంకుకి చెప్తాం, కౌన్సిల్ టాక్స్‌కి చెప్తాం, కుక్క చిప్ మాత్రం మూడిళ్ల కిందటి అడ్రసులోనే ఉంటుంది. చిప్ ఉన్నా సరే, బయటికి తీసుకెళ్తే మెడపట్టీ మీద ఓనర్ పేరు, అడ్రసు ఉన్న బిళ్ళ ఉండాలి, అది వేరే రూలు. వేల్స్ వైపు కొండలెక్కడానికి వెళ్లినప్పుడు గొర్రెలు కనిపిస్తే బెల్టు వదలొద్దు. మందని తరిమే కుక్కని రైతు తుపాకీతో కాల్చినా కొన్ని పరిస్థితుల్లో చట్టం అతని పక్షానే ఉంటుంది. స్కాట్లండ్‌లో చట్టాలు వేరు, నార్తర్న్ ఐర్లండ్‌లో అయితే కుక్కకి లైసెన్సే తీసుకోవాలి, అక్కడ ఉండేవాళ్లు అక్కడి రూల్స్ చూసుకోండి.

కుక్కలంటే భయపడేవాళ్లు ఎక్కువమంది అడిగేది, పార్కులో కుక్క మీదికొస్తే ఏం చేయాలని. పరిగెత్తకండి, రాయికోసం వంగకండి, మన ఊరి అలవాటు ఇక్కడ పనికిరాదు. నిలబడి, చేతులు దగ్గరికి తీసుకుని, దాన్ని బెల్టు వేసి పట్టుకోమని ఓనర్‌కి గట్టిగా చెప్పండి. "హి ఈజ్ ఫ్రెండ్లీ" అని నవ్వితే నవ్వనీండి, మళ్లీ చెప్పండి, మొహమాటం అక్కర్లేదు. అదే కుక్క రోజూ అలా చేస్తుంటే తేదీ, టైం రాసిపెట్టుకుని పోలీసుల మామూలు నంబరు 101కి ఫోన్ చేయొచ్చు, కౌన్సిల్ డాగ్ వార్డెన్‌కి చెప్పొచ్చు. అప్పటికప్పుడు ప్రమాదమైతే 999.

కరిస్తే గోరువెచ్చని నీళ్ల కింద పుండుని కొన్ని నిమిషాలు పెట్టి కడిగి, వైద్య సలహా నంబరు 111కి ఫోన్ చేయండి. లోతుగా ఉన్నా రక్తం ఆగకపోయినా నేరుగా ఆస్పత్రికే. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు అని మన పెద్దవాళ్లు చెప్పిన కథలతో బెంబేలెత్తకండి, బ్రిటన్ కుక్కల్లో రేబీస్ లేదు, ఇక్కడ చూసేది చీము పట్టడం, ధనుర్వాతం. కానీ సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు అక్కడ కుక్క కరిస్తే, గీరినా సరే, "రేపు ఫ్లైట్ ఉంది కదా, లండన్‌లో చూపించుకుంటా" అని ఆగొద్దు. వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు అక్కడే వ్యాక్సిన్ మొదలుపెట్టించుకుని, ఆ కాగితం వెంట తెచ్చుకుని మిగతా డోసులు ఇక్కడ వేయించుకోండి.

తమ్ముడూ, ఆ పెద్దావిడకి సాయం చేయాలనుంటే వెళ్లి సామాన్లు తెచ్చిపెట్టు, బిన్నులు బయట పెట్టు, డబ్బు తీసుకోకు. కుక్కని తిప్పడానికి ఇన్సూరెన్స్ ఉన్న డాగ్ వాకర్లు ఊళ్లో బోలెడుమంది ఉంటారు, మంచోళ్లని వెతికి ఒకరి నంబర్ ఇవ్వు. అన్నట్టు ఆ ఫోటో పెద్దది చేసి చూశాను, మెడపట్టీ ఉంది గానీ బిళ్ళ కనిపించలేదు. అదీ ఆవిడకి చెప్పు.