అభిప్రాయం రాస్తే మార్కులు ఎందుకు రావు?

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. సమకాలీన సమాజం మీద పరిచయ స్థాయి సోషియాలజీ కోర్సు తీసుకున్నాను. ‘ఫోన్ల వల్ల కుటుంబ బంధాలు చెడిపోతున్నాయి’ అని వ్యాసం రాస్తే ‘ఇది అభిప్రాయం, విశ్లేషణ కాదు’ అని తక్కువ మార్కులు వేశారు. ఇంట్లోనేమో ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుందని అడుగుతున్నారు. కోర్సు మార్చుకోమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. మీకు తగిలింది ఈ సబ్జెక్టులో చాలామందికి తగిలే మొదటి దెబ్బే. కెమిస్ట్రీ క్లాసుకు ఏమీ తెలియదనుకుంటూ వెళ్తాం. సోషియాలజీకి మాత్రం అంతా తెలుసనుకుంటూ వెళ్తాం, ఎందుకంటే సమాజంలోనే బతుకుతున్నాం కదా. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

మీ వ్యాసం శీర్షికే తీసుకుందాం. ఏ కుటుంబాల్లో చెడిపోతున్నాయి? ఎప్పటితో పోలిస్తే? బంధం చెడిందని దేన్నిబట్టి చెబుతున్నారు, కలిసి భోంచేయడం తగ్గిందనా, మాటలు తగ్గాయనా? వేరే దేశంలో పనిచేసే తల్లి రోజూ వీడియో కాల్‌లో కొడుకుతో మాట్లాడుతుంటే అక్కడ ఫోను బంధాన్ని తెంపుతోందా, నిలబెడుతోందా? నైట్ షిఫ్టుల వల్ల భార్యాభర్తలు ఒకరికొకరు కనపడకపోతే ఆ తప్పు కూడా ఫోనుదేనా? ఇలా అడుగుతూ పోతే ఫోను కాస్త పక్కకు జరిగి పని గంటలు, వలసలు, ఇంటి చాకిరీ ఎవరి మీద పడుతోందన్నది ముందుకొస్తాయి. విశ్లేషణ అంటే ఈ అడగడమే.

అమెరికన్ సోషియాలజిస్టు సి. రైట్ మిల్స్ 1959లో చెప్పిన ఉదాహరణ ఒకటుంది. లక్ష మంది ఉన్న నగరంలో ఒక్కడికే పని లేకపోతే అది అతడి సొంత కష్టం. అతడి నైపుణ్యం, స్వభావం చూస్తే సరిపోతుంది. 5 కోట్ల మంది ఉద్యోగులున్న దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే మాత్రం ఒక్కొక్కరి స్వభావం వెతికి లాభం లేదు, ఆ దేశంలో ఉపాధి ఏర్పాటునే చూడాలి. అంతకుముందే, 1897లో, ఫ్రాన్స్‌లో డ్యూర్‌ఖైమ్ అనే సోషియాలజిస్టు ఆత్మహత్యను పరిశోధనకు తీసుకున్నారు. పూర్తిగా వ్యక్తిగతం అనిపించే విషయమది. మతం, వివాహం వంటి వాటిని బట్టి వేర్వేరు సమూహాల్లో ఆత్మహత్యల రేట్లను పోల్చి చూశారు. ఆయన లెక్కల మీద తర్వాత విమర్శలు చాలానే వచ్చాయి. ఆ విమర్శలు కూడా చదవండి, అసలు పాఠం కంటే అవే ఎక్కువ నేర్పుతాయి. పేర్లు, నిర్వచనాలు బట్టీ పట్టి పాసయిపోవచ్చు గానీ దానికి ఈ కోర్సే అక్కర్లేదు.

ఇక ఉద్యోగం. ఒక్క పరిచయ కోర్సు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, ఇంట్లోవాళ్ల అనుమానంలో న్యాయముంది. ఈ సబ్జెక్టులో చేతికొచ్చే పనితనం పరిశోధన పద్ధతుల్లో ఉంటుంది: సర్వే ప్రశ్న తయారుచేయడం, ఇంటర్వ్యూ చేయడం, వచ్చిన డేటాను చదవడం. ‘మీరు ఫోను ఎక్కువ వాడుతున్నారా?’ అంటే ఎవరి ‘ఎక్కువ’ వాళ్లది. ‘నిన్న రాత్రి భోజనం దగ్గర ఫోను చూశారా?’ అంటే సూటిగా జవాబొస్తుంది. ఈ తేడా తెలిసినవాళ్లు మార్కెట్ రీసెర్చ్, హెచ్‌ఆర్, ప్రజారోగ్యం, జర్నలిజం, స్వచ్ఛంద సంస్థల్లో పనికొస్తారు. సోషియాలజీనే మెయిన్‌గా తీసుకుంటే పక్కన స్టాటిస్టిక్స్ తప్పకుండా పెట్టుకోండి. లెక్కలంటే భయంతో ఇటు వచ్చి ఉంటే ముందే చెబుతున్నా, లెక్కలు ఇక్కడా వస్తాయి.

ప్రస్తుతానికి ఒక పని చేయండి. తెలిసిన ఐదారు కుటుంబాలను ఆ ఒక్క భోజనం ప్రశ్న అడిగి, వ్యాసం మళ్లీ రాయండి. ఐదారు ఇళ్లను చూసి సమాజమంతా ఇంతేనని తేల్చకండి, ఆ మాట వ్యాసంలోనే ఒప్పుకోండి. మీ లెక్చరర్‌కు చూపించి ఎక్కడ జారారో అడగండి. మార్కులు పెరగకపోవచ్చు. ఆ రాయడంలో కూడా మీకు విసుగే పుడితే అప్పుడు కోర్సు మార్చుకోవడంలో తప్పులేదు. మార్చుకోవడానికి చివరి తేదీ ఎప్పుడో మాత్రం ఈ వారంలోనే ఆఫీసులో కనుక్కోండి.