ఫౌండేషన్ మాన్పించాలా? ముందు 6 ÷ 1/2 అడిగి చూడండి

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఆరు నుంచి ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో ఉన్నాడు. ఇప్పుడు డిఫరెన్షియేషన్ కూడా చెబుతున్నారు, ఫార్ములాలు గడగడా అప్పజెబుతాడు. కానీ స్కూలు పరీక్షలో లెక్కలకు 80కి 43 వచ్చాయి. కాన్సెప్టులన్నీ వచ్చు, భిన్నాల దగ్గర సిల్లీ మిస్టేకులు చేస్తాడు. రాత్రి పదకొండు దాకా కూర్చోబెడుతున్నా మార్పు లేదు. ఎదురింటి అబ్బాయికి ఒలింపియాడ్‌లో ర్యాంకు వచ్చింది. ఫౌండేషన్ కొనసాగించాలా, మాన్పించి మామూలు సెక్షన్‌లో వేయాలా, లేక ఎంపీసీ ఆశ వదులుకుని బైపీసీ అనుకోవాలా?
– ఓ తండ్రి, హనుమకొండ

జవాబు: మూడు దారుల్లో ఏది మేలని అడిగారు. మీ ప్రశ్న వెనక ఉన్న భయం మాత్రం ‘మావాడికి లెక్కలు రావేమో’ అని. ముందు దాని గురించి. 80కి 43 వచ్చినంత మాత్రాన తొమ్మిదో తరగతి పిల్లాడికి లెక్కలు రావని ఎవరూ తేల్చలేరు. ఆరు, ఏడు తరగతుల్లో ఒక విషయం అర్థం కాకుండానే దాటిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా దాని మీదే వేశారు. ఇది సరిచేయగలిగిందే, పైగా ఇప్పుడు సరిచేయడానికి టైం కూడా ఉంది.

‘సిల్లీ మిస్టేకులు’ అన్నారు. ఈ మాటను దయచేసి పక్కన పెట్టండి. ఒకే చోట, ఒకే రకంగా, పదేపదే వచ్చే తప్పు అజాగ్రత్త వల్ల రాదు. పిల్లాడి బుర్రలో ఆ లెక్కకు అర్థం లేకపోతేనే వస్తుంది. నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. 6 ÷ 1/2 ఎంత అని అడగొద్దు, తిరగేసి గుణించి 12 అని చెప్పేస్తాడు. ఆ లెక్క వచ్చే సందర్భం ఒకటి చెప్పమనండి. ‘ఆరు లడ్డూలు ఇద్దరికి సమానంగా పంచితే’ అన్నాడంటే అది 6 ÷ 2. అరతో భాగించడాన్ని సగం చేయడం అనుకుంటున్నాడన్నమాట. ఆరు లీటర్ల పాలు అర లీటరు ప్యాకెట్లలో పోస్తే ఎన్ని ప్యాకెట్లు అని చెబితే అతనికి అర్థం తెలుసు.

అది చెప్పగలిగితే ఇంకో మెట్టు ఎక్కించండి. ఒకటింముప్పావు లీటరు పాలు అర లీటరు ప్యాకెట్లలో పోయాలి. మూడు ప్యాకెట్లు నిండుతాయి, పావు లీటరు మిగులుతుంది. మరి 1 3/4 ÷ 1/2 జవాబు ఎంత? చాలామంది పిల్లలు 3 1/4 అంటారు. సరైన జవాబు 3 1/2. మిగిలింది పావు లీటరే గానీ, మనం లెక్కపెడుతున్నది ప్యాకెట్లను. పావు లీటరంటే ప్యాకెట్‌లో సగం. దేంతో కొలుస్తున్నామన్న స్పృహ ఇక్కడే తప్పిపోతుంది. ఆ తర్వాత, లెక్క చేయకుండానే 2/3 ÷ 3/4 ఒకటి కంటే పెద్దదా చిన్నదా అని అడగండి. కొలిచే ముక్కే పెద్దది కాబట్టి ఒకటి కంటే చిన్నది. చివరగా (ఎక్స్ + 6)/6 ని సూక్ష్మీకరించమనండి. పైన ఆరు, కింద ఆరు కొట్టేసి ‘ఎక్స్’ అని రాశాడంటే, బీజగణితంలో పోతున్న మార్కులు కూడా ఈ భిన్నాల ఖాతాలోవే.

ఇప్పుడు మీరు గొప్పగా చెప్పిన డిఫరెన్షియేషన్ సంగతి. ఫిజిక్స్‌లో వేగం, త్వరణం కోసమని ఫౌండేషన్ బ్యాచ్‌లలో దీన్ని ముందే చెబుతారు. నాకు దీని మీద గట్టి అనుమానాలున్నాయి. ఎక్స్ క్యూబ్ అనగానే త్రీ ఎక్స్ స్క్వేర్ అని చెప్పడం వారంలో వచ్చే విద్య: పవర్ ముందుకు తేవాలి, పవర్‌లో ఒకటి తగ్గించాలి. అది వింటే తల్లిదండ్రులకు ముచ్చటేస్తుంది. కానీ డిఫరెన్షియేషన్‌లో వచ్చే ఆ జవాబు, అంటే డెరివేటివ్, అసలు చిన్న మార్పును చిన్న మార్పుతో భాగిస్తే వచ్చేది. పైనుంచి వదిలిన రాయి పడే దూరం మీటర్లలో సుమారుగా సెకన్ల వర్గానికి 5 రెట్లు. 2 సెకన్లకు 20 మీటర్లు, 2.1 సెకన్లకు 22.05. తేడా 2.05, దాన్ని 0.1తో భాగిస్తే 20.5. అదే 2.01 సెకన్ల దాకా చూస్తే తేడా 0.2005, భాగించేది 0.01, జవాబు 20.05. రెండు సంఖ్యలూ కరిగిపోతున్నా భాగఫలం 20 దగ్గర నిలబడుతోంది. రెండో సెకను దగ్గర రాయి వేగం అదే. అరతో భాగిస్తే సగమవుతుందనుకునే పిల్లాడికి ఇది ఎలా ఎక్కుతుంది? అందుకని ఫార్ములా పట్టుకుంటాడు. ఇంటర్‌లో లెక్చరర్ అసలు నిర్వచనం చెబుతుంటే ‘ఇది నాకొచ్చు’ అని వినడం మానేస్తాడు. నన్ను భయపెట్టేది ఈ చివరిదే.

అక్కడ ఏమవుతుందో కూడా చెబుతాను. 1/ఎక్స్ డెరివేటివ్‌ను నిర్వచనం నుంచి చేయమంటే 1/(ఎక్స్+హెచ్) నుంచి 1/ఎక్స్ తీసేసి, మొత్తాన్ని హెచ్‌తో భాగించాలి. కొందరు 1/(ఎక్స్+హెచ్) ని 1/ఎక్స్ + 1/హెచ్ అని విడగొట్టేస్తారు. (1/(2+3) అంటే 1/5, 1/2 + 1/3 అంటే 5/6. ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తే చాలు.) ఇంకొందరు హారాలు కలిపి లవంలో మైనస్ హెచ్ దాకా సరిగ్గా వస్తారు, తీరా భిన్నాన్ని హెచ్‌తో భాగించేటప్పుడు ఆ హెచ్‌ను పైన రాస్తారు. రెండో సంవత్సరం ఇంటిగ్రేషన్‌లో (డిఫరెన్షియేషన్‌కు తిరుగు లెక్క) ఎక్స్ పవర్ 1/2 వస్తే పవర్ 3/2 చేసి, 3/2తో భాగించాలి. అంటే ముందు 2/3 రావాలి. 3/2 అని రాసి మార్కు పోగొట్టుకునేవాళ్లు ఎందరో. పేరుకు కాలిక్యులస్ (డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ కలిపి), పోయింది ఏడో తరగతి లెక్క.

కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు, రోజుకు 20 నిమిషాలు, ఐదే లెక్కలు. మొదటి రెండు వారాలు పావు, అర, మూడోవంతులతో భాగించడం, ప్రతిదానికీ సందర్భం చెబుతూ, గీత మీద గీసి చూపిస్తూ. తర్వాత హారాలు సమానం చేసి భాగించడం: 5/6 ÷ 2/3 అంటే 5/6 ÷ 4/6, ముక్కలన్నీ ఒకే సైజు, కాబట్టి 5 ÷ 4. తిరగేసి గుణించడం ఎందుకో ఇప్పుడు చెప్పండి: ఒకటిలో 2/3 లు ఒకటిన్నర ఉంటాయి, అంటే 3/2, కాబట్టి ఏ సంఖ్యలోనైనా దానికి 3/2 రెట్లుంటాయి. ఆ తర్వాత రేటు లెక్కలు. ముప్పావు గంటలో 45 కిలోమీటర్లు వెళితే పావు గంటకు 15, గంటకు 60. ఇదే 45 ÷ 3/4. చివరి రెండు వారాలు అక్షరాలతో భిన్నాలు. మీరు చేయాల్సింది పక్కన కూర్చుని ‘ఎలా అనుకున్నావు?’ అని అడగడం, అంతే. పెన్ను లాక్కుని చేసి చూపించకండి.

రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టడం ఇవాళే ఆపండి. నిద్ర కళ్లతో చేసిన పది లెక్కల్లో మీరు తిట్టే తప్పులే పెరుగుతాయి. ఎదురింటి అబ్బాయి ప్రస్తావన మీ ఇంట్లో రాకూడదు. మూడేళ్లు ఫీజు కట్టారు, మార్కుల మెసేజ్‌లు చూశారు. ఒక్క రోజైనా నోట్సు తెరిచి తప్పు ఎక్కడ మొదలవుతోందో చూశారా? అది చూడటానికి మీకు కాలిక్యులస్ రానక్కర్లేదు.

ఇక మీరడిగిన పోలిక. ఫౌండేషన్ అందరికీ చెడ్డదనను. స్కూలు లెక్కలు తేలిగ్గా అయిపోయి ఇంకా కావాలనే పిల్లలకు జామెట్రీ, నంబర్ థియరీ బాగా పనికొస్తాయి. మీవాడికి ఈ ఏడాది మామూలు సెక్షన్ మేలు. స్కూలు ఒప్పుకోకపోతే బ్యాచ్‌లోనే ఉంచి వారాంతపు ర్యాంకులు పట్టించుకోవడం మానేయండి. బైపీసీ మాత్రం లెక్కల భయంతో తీసుకునే గ్రూపు కాదు. కెమిస్ట్రీలో మొలారిటీ (ద్రావణం ఎంత గాఢమో చెప్పే లెక్క), ఫిజిక్స్ మొత్తం భిన్నాలే. బీఫార్మసీలో చేరితే, ఇంటర్‌లో బయాలజీ చదివినవాళ్లకు మొదటి సెమిస్టర్‌లోనే రెమెడియల్ మ్యాథమెటిక్స్ ఉంటుంది. అందులో పార్షియల్ ఫ్రాక్షన్స్ (ఒక భిన్నాన్ని చిన్న భిన్నాలుగా విడగొట్టడం) నుంచి కాలిక్యులస్ దాకా ఉన్నాయి. జీవశాస్త్రం ఇష్టమైతే సంతోషంగా చేర్పించండి. ఎంఈసీలోనూ లెక్కలుంటాయని మరిచిపోకండి.

గ్రూపు ఏదన్నది పదో తరగతి రెండో సగం దాకా తేల్చకండి. ఈలోగా ఇంటర్ కాలేజీల పీఆర్వోలు ఇంటికొస్తారు, ఇప్పుడే సీటు ఖాయం చేసుకుంటే ఫీజు తగ్గిస్తామంటారు. అడ్వాన్స్ కట్టకండి. కట్టిన రోజునుంచి మీవాడి ఇష్టాన్ని అడగడం మానేస్తారు.