తాబేళ్ల కాపలాకి వెళ్తున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నాగాయలంక వైపు మూడు నెలలు ఉండి, రాత్రిళ్లు సముద్రం ఒడ్డున తిరిగి తాబేలు గుడ్లు వెతికే పనికి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. నేను దాన్ని కోప్పడ్డాను. ఫోన్ పెట్టేశాక నాకూ కాళ్లూ చేతులూ ఆడలేదు. మన ఇంటి ఆడపిల్ల ఇలాంటి పనికి వెళ్తోందంటే వీధిలో అందరికీ చెప్పుకోవాలనిపిస్తోంది. వెళ్లొద్దని నీకు చెప్పాలనీ అనిపిస్తోంది. ముప్పై నాలుగేళ్లు ఆ దివిసీమలోనే ఏఎన్ఎం నర్సుగా తిరిగినదాన్ని కదా, అక్కడి ప్రతి గట్టూ నాకు ఒక మనిషిని గుర్తు చేస్తుంది. అందుకే రాస్తున్నాను. పెద్దమ్మ చాదస్తం అని పక్కన పడెయ్యకుండా చివరిదాకా చదువు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. పిక్కల దాకా వచ్చే బూట్లు కొనుక్కో. టార్చీలు రెండు ఉండాలి. తెల్ల లైటు పడితే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది కాబట్టి మీవాళ్లు ఎర్ర లైటు ఇస్తారు. అది ఇసుకలోకి దిగాక వాడుకో. ఊళ్లోంచి ఒడ్డుకి చేరేదాకా, చెరువు గట్ల మీద నడిచేటప్పుడు మాత్రం మామూలు టార్చి వేసుకునే నడు. ఒంటరిగా వెళ్లకు. గుడ్ల కోసం నక్కలూ ఊరకుక్కలూ ఇసుక తవ్వుతాయి. నక్క నిన్ను చూస్తే పారిపోతుంది, కుక్కల గుంపు పారిపోదు. రేబిస్ టీకా ముందే వేయించుకుని వెళ్లు. వేయించుకున్నా సరే, పన్ను గీరుకుంటే పావుగంట సబ్బు నీళ్లతో కడిగి, మళ్లీ సూది కోసం ఆస్పత్రికి వెళ్లాల్సిందే. మడ అడవిలో మచ్చల పిల్లి కనిపిస్తే చిరుతపిల్ల అని కేకలు పెట్టకు, అది బావురుపిల్లి. చేపల కోసం వస్తుంది, దాని దారిన అది పోతుంది.

లోతు లేని నీళ్లలో దిగితే పాదం ఎత్తి వెయ్యకుండా ఈడ్చుకుంటూ నడు. ఇసుకలో టేకు చేప పడుకుని ఉంటుంది, అలికిడికి లేచి పోతుంది. తొక్కితే తోక ముల్లు దింపుతుంది. అలా జరిగితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టి ఉంచు, నొప్పి తగ్గుతుంది. తర్వాత డాక్టరుకి చూపించు, ముల్లు ముక్క లోపల ఉండిపోతే చీము పడుతుంది.

మీ అమ్మ కుడిచేతి చూపుడువేలు మీద మచ్చ ఎప్పుడైనా అడిగావా? అది మండపీత పట్టిన మచ్చ. మీ అమ్మకి ఏడేళ్లప్పుడు మీ తాతయ్య బుట్టలో పీతలు తెచ్చి, డెక్కలు కట్టేలోపు ఒక్క నిమిషం అటు తిరిగాడు. ఇది వేలు పెట్టింది. నేను భయపడి పీతని పట్టుకుని లాగాను. లాగినకొద్దీ అది ఇంకా బిగించింది, ఎముక కనిపించేంత తెగింది. తాతయ్య వచ్చి, నన్ను పక్కకి నెట్టి, చెయ్యి పీతతో సహా నీళ్ల బకెట్లో పెట్టాడు. కాసేపటికి అదే వదిలేసింది. పట్టుకున్నప్పుడు లాగకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. మీ అమ్మ ఇప్పటికీ పీతల పులుసు తింటుంది కానీ పీతలు కడగదు, గమనించు.

పీత బొరియ కనిపించింది కదా అని చెయ్యి మాత్రం పెట్టకు. గట్ల మీద బొరియ తవ్వేది పీతో ఎలకో, అందులో కాపురం ఉండేది తాచుపాము కావచ్చు.

వలల్లో పడే సముద్రపు పాముల సంగతి కూడా విను. తోక తెడ్డులా చదునుగా ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. అలివి వల లాగేవాళ్లు వాటిని తోక పట్టి విసిరేస్తుంటారు, "ఇవి కరవవమ్మా" అంటారు. కరవడం తక్కువే, నిజమే. కరిస్తే మాత్రం మన ఆస్పత్రుల్లో ఉండే పాము మందు దానికి పనిచెయ్యదు. వాళ్లు చేశారని నువ్వు చెయ్యకు. ఫొటో కోసం అసలు చెయ్యకు.

కనిపించే పాము గురించి నాకు అంత భయం లేదు తల్లీ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి మీ తాతయ్య తుమ్మచెట్టు ఎక్కి ప్రాణం దక్కించుకున్నాడని నీకు తెలుసు. ఆ చెట్టు మీదే, ఆయనకి మూరెడు దూరంలో కొమ్మకి చుట్టుకుని ఒక తాచుపాము ఉంది. తెల్లారేదాకా ఇద్దరూ కదల్లేదు. పొద్దున నీళ్లు తీశాక పామే ముందు దిగింది. అది కనుమరుగయ్యేదాకా ఆగి తాతయ్య దిగాడు. ఆ చుట్టుపక్కల వేలమంది పోయిన రాత్రి అది. తర్వాత ఎప్పుడు ఆ మాట వచ్చినా, "అది నా వంక చూసింది, నేను దాని వంక చూశాను, అంతే" అనేవాడు. ఇంకేం చెప్పేవాడు కాదు.

నా భయమల్లా కరిచిందని తెలియని పాము గురించి. ఇది ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, మీ అమ్మకి కూడా.

1987, శ్రావణమాసం. నాకు ఉద్యోగం వచ్చి ఎనిమిదేళ్లయింది, అన్నీ తెలుసనుకునే వయసు. తెల్లవారుజామున నాలుగింటికి ఒకావిడ పదేళ్ల కొడుకుని తీసుకుని మా ఇంటి తలుపు కొట్టింది. కడుపులో నొప్పి అంటున్నాడు, ఒక వాంతి అయింది. రాత్రి ఏం తిన్నాడని అడిగాను. పీతల కూర అంది. ఇంకేముంది, నాకు జబ్బు దొరికిపోయింది. మాత్ర ఇచ్చాను, ఓఆర్‌ఎస్ కలిపి ఇచ్చాను. "కళ్లు మూతలు పడుతున్నాయండీ" అన్నాడు పిల్లాడు. రాత్రంతా నిద్ర లేదు కదా, పడుకో నాన్నా అన్నాను.

వాడు వెళ్తూ గుమ్మంలో ఆగి నా వంక చూశాడు. గడ్డం పైకెత్తి చూశాడు. నుదురంతా ముడతలు పడేలా కనుబొమలు ఎత్తాడు, అయినా కనురెప్పలు సగమే లేచాయి. ఆ సందులోంచి నన్ను చూశాడు. నిద్ర వచ్చిన పిల్లలు అలా చూడరు. నిద్ర వస్తే తల వాలుస్తారు. ఆ తేడా నా కళ్లముందే ఉంది, నాకు అందలేదు.

ఎక్కడ పడుకున్నాడని నేను అడగలేదు. కింద చాప వేసుకుని, గడ్డి దొంతర పక్కన. అడిగి ఉంటే చెప్పేవాడు.

ఆరింటికి మళ్లీ తెచ్చారు. ఉమ్మి మింగలేకపోతున్నాడు, మాట ముక్కుతో వస్తోంది. అప్పుడు అర్థమైంది. టౌను ఆస్పత్రికి జీపులో నా ఒళ్లోనే పడుకోబెట్టుకుని బయల్దేరాం. దారిలో ఊపిరి ఆగింది. నోట్లో నోరు పెట్టి ఊదుతూనే ఉన్నాను. ఆస్పత్రి గేటు కనిపించేసరికి వాడి చెయ్యి చల్లగా అయిపోయింది. ఆ సాయంత్రం వాళ్లు చాప ఎత్తితే కింద కట్లపాము ఉంది. ఒంటి మీద ఎంత వెతికినా కాటు గుర్తు లేదు, వాపు లేదు. కట్లపాము అంతే, చాలాసార్లు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు మందిచ్చారు కదమ్మా" అంది.

అందుకే చెబుతున్నాను. కింద పడుకోకు. మంచం లేకపోతే అడిగి తెప్పించుకో, మొహమాటపడకు. దోమతెర కట్టుకుని అంచులు నాలుగు వైపులా పరుపు కిందికి మడిచాకే పడుకో. జనవరి చలిలో పాములు తక్కువ తిరుగుతాయని అక్కడివాళ్లు అంటారు, మార్చి వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. తెర కట్టడం ఒక్క రాత్రి కూడా మానకు. తెల్లారి కడుపునొప్పో, గొంతు పట్టేసినట్టో, రెప్పలు బరువుగానో అనిపిస్తే, నీకైనా నీ పక్కవాళ్లకైనా, కాటు ఉందా లేదా అని వెతుక్కుంటూ కూర్చోకు. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లిపో. "నేల మీద పడుకున్నాను, పాము అయి ఉండొచ్చు" అని నోరు తెరిచి చెప్పు. డాక్టరు నాలాగా అడగడం మర్చిపోవచ్చు.

కాటు తెలిస్తే గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి. తాడు కట్టడం, బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా కర్ర పెట్టి వదులుగా కట్టి, నడిపించకుండా మోసుకెళ్లాలి. పాముని చంపి తేవాలని వెనక పడొద్దు, తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే మందు. అక్కడ చేరిన మొదటి రోజే ఆ మందు దగ్గర్లో ఏ ఆస్పత్రిలో ఉందో, రాత్రిపూట డాక్టరు ఉంటారో లేదో స్వయంగా వెళ్లి కనుక్కో.

2018 ఆగస్టులో దివిసీమలో వరసగా పాముకాట్లు పడితే మోపిదేవి గుళ్లో సర్పశాంతి హోమం చేశారు. నేనూ వెళ్లి కూర్చున్నాను. నువ్వు కూడా దారిలో దిగి సుబ్రహ్మణ్యస్వామికి దణ్ణం పెట్టుకుని వెళ్లు. రాత్రికి దోమతెర మాత్రం నువ్వే కట్టుకోవాలి.

కొట్లో దొరికే తెరలు పొట్టిగా ఉంటున్నాయి. అందుకని మన టైలర్ దగ్గర అంచుకి అడుగున్నర గుడ్డ ఎక్కువ వేయించి కుట్టించాను, మడవడానికి వీలుగా. రేపు ఆర్టీసీ పార్సిల్లో వేస్తాను. అందగానే ఫోన్ చెయ్యి. కట్టాక ఫొటో తీసి పంపు, నాలుగు మూలలూ కనిపించేలా. గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చే రోజు ఎప్పుడో ముందే చెబితే మీ అమ్మని తీసుకుని నేనూ వస్తాను. అన్నేళ్లు అక్కడ ఉండీ తాబేలు పిల్లలు నీళ్లలోకి వెళ్లడం నేను ఒక్కసారీ చూడలేదు.

మీ పెద్దమ్మ