‘మ్యాష్’ మూడో సీజన్ చివర హెన్రీ బ్లేక్‌ను ఎందుకు చంపారు?

కొరియా యుద్ధకాలపు అమెరికన్ సైనిక ఆసుపత్రి కథగా సీబీఎస్‌లో వచ్చిన ‘మ్యాష్’ ధారావాహికలో, ఆసుపత్రి అధిపతి లెఫ్టినెంట్ కర్నల్ హెన్రీ బ్లేక్ పాత్రను మూడో సీజన్ చివర చంపడానికి ముఖ్య కారణం, యుద్ధానికి వెళ్లినవారందరూ ఇంటికి తిరిగి రారన్న నిజాన్ని ప్రేక్షకులకు చూపాలని నిర్మాతలు లారీ గెల్‌బార్ట్, జీన్ రేనాల్డ్స్ భావించడమే.

పాత్రధారి మెక్‌లీన్ స్టీవెన్‌సన్ తప్పుకుంటున్నాడు కాబట్టి బ్లేక్‌ను ఎలాగూ పంపించాలి. అందుకు సైన్యం నుంచి విడుదల చేసి ఇంటికి పంపితే సరిపోయేది. అయితే ఆ ఆసుపత్రిలో అంతవరకు కన్నుమూసినవారు ఎక్కువగా ప్రేక్షకులకు అంతగా పరిచయం లేని సైనికులు. మూడేళ్లుగా ఇష్టపడిన మనిషి పోయినప్పుడే యుద్ధం తీసుకుపోయేదేమిటో ప్రేక్షకుడికి తన సొంత నష్టంగా తెలుస్తుంది.

1975 మార్చి 18న ప్రసారమైన ఆ భాగంలో వీడ్కోలు నవ్వులతోనే సాగుతుంది. ఆ తర్వాత ఆసుపత్రి గుమాస్తా రాడార్ ముఖానికి మాస్కు కూడా లేకుండా ఆపరేషన్ గదిలోకి వచ్చి, బ్లేక్ విమానాన్ని జపాన్ సముద్రంపై కూల్చేశారని, ఎవరూ బతకలేదని చదువుతాడు. వైద్యులు చేతిలో పని ఆపరు, ఆపే వీలూ లేదు. ఆ నిశ్శబ్దంలో ఒక పరికరం నేలపై పడిన చప్పుడు వినిపిస్తుంది. అది చిత్రీకరణలో అనుకోకుండా జరిగినా తీసేయకుండా ఉంచారు, ఉంచడమే సరైనది.

స్టీవెన్‌సన్ వెళ్లిపోతున్నాడన్న కోపంతో పాత్రను చంపారని చాలామంది నమ్ముతారు. కానీ ఆ సీజన్ తర్వాతే మరో నటుడు వేన్ రోజర్స్ కూడా తప్పుకోగా, అతని ట్రాపర్ పాత్రను మాత్రం ప్రాణాలతోనే ఇంటికి పంపారు.